అల్ ఖర్జ్ నుంచి రియాద్‌కు, నుదుటి మీద తెల్లమచ్చతో

అల్ ఖర్జ్‌లోని మా అమ్మాయి ఇంటికి నేను వచ్చింది రెండు నెలల మనవరాలిని ఎత్తుకోవడానికి. వచ్చిన వారానికే ఆ పని నిషిద్ధమైంది. ఒక ఉదయం ముఖం కడుక్కుని వస్తుండగా, నా నుదుటి మధ్యన తెల్లని మచ్చను మా అల్లుడు చూశాడు. డెయిరీలో యంత్రాలు చూసే ఇంజనీరు, మెత్తని మనిషి. "చర్మం డాక్టరుకి చూపించేదాకా పాపని ఎత్తుకోకండి అత్తయ్యగారూ" అంటూ నా ఒడిలోంచి బిడ్డను తీసుకున్నాడు. బొల్లి అనే మాట ఎవరూ పైకి అనలేదు. రిజిస్ట్రారు కార్యాలయంలో దస్తావేజులు పరిశీలించి పదవీ విరమణ చేసినదాన్ని; అనుమానం మీద శిక్ష అమలు చేయడాన్ని ఎన్నడూ అంగీకరించలేదు. అప్పుడూ అంగీకరించలేదు. కాని పసిబిడ్డను పెనుగులాడి తీసుకోలేము కదా!

ఊళ్ళో చర్మవైద్యురాలు సెలవులో ఉండడంతో రియాద్‌కు వెళ్ళవలసి వచ్చింది. అల్లుడికి డ్యూటీ, అమ్మాయి బాలింత. వారికి తెలిసిన డ్రైవరు మస్తాన్ నన్ను తీసుకువెళ్ళాడు. కడపవాడు, అరబ్బీ ధారాళంగా మాట్లాడతాడు. నాకు ఆ భాషలో పలకరింపు, ధన్యవాదం మాత్రమే వచ్చు. మచ్చ ఎప్పుడు కనబడినదీ, ఏమి తింటున్నదీ, ఏ మాత్రలు వేసుకుంటున్నదీ ముందురోజే ఒక కాగితం మీద క్రమంగా రాసిపెట్టుకున్నాను.

ఉదయం తొమ్మిదింటికి బయలుదేరాము. ఖర్జూరపు తోటలు, పశుగ్రాసపు చేలు వెనకబడ్డాక ఇరువైపులా బోసినేల, పాల లారీలు. డాక్టరుకు నుదురు స్పష్టంగా కనబడాలని స్టిక్కర్ బొట్టు తీసి, పారేయబుద్ధి కాక ఫోను వెనక అంటించాను.

"భయపడతాండారా పెద్దమ్మా?" అన్నాడు మస్తాన్.

"భయం కాదు, కోపం."

"కోపమైతే మేలు. భయపడేటోళ్లు దోవంతా నీళ్లు తాగి, ఊరికే బండి నిలపమంటాంటారు."

పదిన్నరకు క్లినిక్ చేరాము. పాస్‌పోర్టు చూపి, రుసుము ముందే చెల్లించి కూర్చున్నాము. పన్నెండు కావస్తుండగా కౌంటరులోని అమ్మాయి దీపాలు ఆర్పింది. డాక్టరు వెళ్ళిపోయారట, తిరిగి నాలుగింటికట! పదకొండుకని సమయమిచ్చినవారు ఎవరని అడిగాను. నా తెలుగు ఆమెకు, ఆమె అరబ్బీ నాకు అర్థం కాకపోయినా, నా కోపం మాత్రం అర్థమైంది. వెళ్ళదలచినవారు గమనించవలసినది: ఇక్కడి క్లినిక్కులు చాలావరకు మధ్యాహ్నం మూసివేస్తారు, సాయంత్రపు సమయం అడగడం మేలు. పక్క వీధిలోని మలయాళీ హోటల్లో మస్తాన్ బిర్యానీ తిన్నాడు. నేను తెచ్చుకున్న పెరుగన్నం తిన్నాను.

నాలుగు దాటాక పిలిచారు. డాక్టరు సిరియా దేశపు స్త్రీ, నడివయసు. పరీక్షించే చోటుకు పురుషులు రాకూడదు కనుక మస్తాన్ తెర అవతల నిలబడి మాటలు అందించాడు. నా కాగితంలోని వివరాలన్నీ వరుసగా చదివి వినిపించాను. ఆమె ఓపికగా విని, నా నుదురు పరిశీలించి, ఏదో అడిగింది. తెర అవతల మస్తాన్ గొంతు సవరించుకున్నాడు.

"ఏమంటోందయ్యా?"

"కోప్పడద్దు పెద్దమ్మా. మీరు నమాజు శానా సేస్తారా అంటాంది. నేలకు తగిలే సోటంట అది."

"నా పేరు చదివే అడుగుతోందా? అన్నపూర్ణ అని రాసి ఉంది కదా! చేసేవాళ్ళంటే నాకు గౌరవమే, కాని నేను చేయనని చెప్పు. కాగితంలో అన్నీ రాశాననీ, లేనిది ఊహించవద్దనీ చెప్పు."

మస్తాన్ ఒక్క ముక్క అన్నాడు. డాక్టరు చిరునవ్వు నవ్వింది.

"ఏం చెప్పావు?"

"లేదని అన్నా. అంతే."

మచ్చ రాకముందు నుదురు ఎలా ఉండేదో పాత ఫొటోలో చూపిద్దామని ఫోను తీశాను. ఆమె చూపు ఫోను వెనక ఎర్రని బొట్టు మీద ఆగింది. గోటితో దాన్ని తీసి, నా నుదుటి మీద పెట్టి, నా చేతికి అద్దమిచ్చింది. మచ్చ అంచులకు బొట్టు సరిగ్గా సరిపోయింది. ఏళ్ళ తరబడి అక్కడే అంటించుకుంటున్నాను. కాగితంలో రాయవలసిన విషయమని తోచనే లేదు.

"దీని బంకతోనే వచ్చిందంట. ఇంక అంటించుకోవద్దంట. రంగు మెల్లగా తిరిగొస్తాదంట, అంతా రాకపోనూ వచ్చంట" అన్నాడు మస్తాన్.

"అయితే బొల్లి కాదని రాసిమ్మను. పాపను ఎత్తుకోవాలి."

ఈసారి ఆమె జవాబు పొడుగ్గా వచ్చింది.

"బొల్లయితే మాత్రం బిడ్డకేమైతాదని అంటాంది పెద్దమ్మా. అది కూడా ముట్టుకుంటే అంటేది కాదంట. బొల్లి ఉండే అమ్మలు బిడ్డల్ని పెంచడంల్యా అంటాంది."

ఆమె చేతి తొడుగు తీసి, ఒట్టి అరచేతిని నా నుదుటి మీద ఉంచింది. ఆ మాటకు అనువాదం అక్కరలేకపోయింది. నేనిక రాసిమ్మని అడగలేదు.

ఆరింటికి తిరుగు ప్రయాణం. ఊరు దాటుతుండగా అల్లుడు ఫోను చేశాడు.

"బొల్లి కాదు కదా అత్తయ్యగారూ?"

కాదు అనే ఒక్క మాటతో నా పని జరిగిపోయేది. కాని ఆ మాట చెబితే, నిజంగా బొల్లి ఉన్న మరొక అమ్మమ్మ ఒడిలోంచి బిడ్డను తీసుకోవడం సబబేనని నేనే ఒప్పుకున్నట్టవుతుంది.

"ఇది దేనివల్ల వచ్చిందో ఇంటికొచ్చి చెబుతాను. బొల్లి అయినా సరే, ముట్టుకుంటే అంటదట బాబూ. ఆవేళ నువ్వు నా ఒడిలోంచి బిడ్డను తీసుకోవలసిన పనే లేకపోయింది."

ఫోనులో వెనక పాప ఏడుస్తోంది.

"ఎంతసేపట్లో వస్తారు అత్తయ్యగారూ?" అన్నాడు. "పొద్దుటినుంచీ ఎవరెత్తుకున్నా ఊరుకోవట్లేదు."

మస్తాన్ అద్దంలో నా వైపు చూసి, నేను అడగకుండానే బండి వేగం పెంచాడు. ఎన్నో ఊళ్ళు తిరిగాను; చేరగానే చేతులు నిండుతాయని తెలిసి చేసిన ప్రయాణం ఇదొక్కటే.