అవతలి గట్టు పిలుపు

పలుకుకు ముందే వినికిడిని ప్రసాదించిన వాగ్దేవికి నమస్కరించి, విశ్వావసు నామ సంవత్సర కార్తీక శుద్ధ పంచమి నాడు ఈ నాలుగు మాటలు వ్రాయబూనుతున్నాను.

నిన్న రాజమహేంద్రవరంలో చెవి వైద్యుని గది ముందు కూర్చుని ఉండగా నన్ను మూడుమార్లు పిలిచారట, నాకు వినబడలేదు. పక్కనున్న మా ఆవిడ మోకాలి మీద తట్టింది. లేచి లోనికి వెళ్లాను గాని, ఆ తట్టు నా మనస్సును పాతికేళ్ల వెనుకటి ఒక గోదావరి రేవుకు తీసికొనిపోయింది.

అప్పట్లో నేను రామచంద్రపురం చేరువనున్న ఒక పాఠశాలలో తెలుగు పండితుణ్ణి. మా ఊరికీ ఎదుటి లంకకూ నడుమ గోదావరి పాయ, దాటడానికి ఒకే ఒక పడవ. దానిని నడిపే పెద్దాయన జాలరి కుటుంబంవాడు, అరవై దాటినవాడు. లంకవాసులు అవతలి గట్టున నిలిచి కేక వేస్తే వెళ్లి తీసుకొచ్చేవాడు. మామూలు ప్రయాణానికి ఒక్క నిడుపాటి కేక, రోగిని తెస్తుంటే ఆపి ఆపి మూడు పొట్టి కేకలు; అది మా రేవు మర్యాద. పడవ విప్పుతూనే ఆయన ఫలానా వారి కోడలుగారు వస్తున్నారనో, ఫలానా వారి అల్లుడనో చెప్పేసేవాడు. గొంతు ఆనవాలు పట్టి చెబుతున్నాడని ఊరంతా నమ్మింది. భార్య ఎప్పుడూ ఆయన పక్కనే కూర్చుని వల బాగుచేసుకుంటూ ఉండేది.

ప్రమాది సంవత్సరం మాఘమాసంలో మా మేనకోడలు టేపురికార్డరు భుజాన తగిలించుకుని వచ్చింది. జనజీవనంలో ధ్వనికీ, దానిని ఆలకించే తీరుకూ ఉన్న స్థానం ఆమె పరిశోధనాంశం. మొదట నవ్వుకున్నాను. వేదాన్నే శ్రుతి అన్న జాతికి వినడం గురించి కొత్తగా నేర్పేదేముందని నా అహంకారం. అయితే ఆ పిల్ల వీధివీధీ తిరిగి, మా ఇల్లు పాలబిందె చప్పుడుకు లేస్తుందనీ, పొరుగిల్లు మొదటి బస్సు హారనుకు లేస్తుందనీ, ఆ చివరింటి ముసలమ్మ రైసుమిల్లు కూత ఆగినప్పుడే భోజనానికి కూర్చుంటుందనీ చెబుతుంటే, ముప్పైయేళ్లు అదే ఊళ్లో ఉండి నేను విన్నదేమిటని సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు కప్పిపుచ్చుకోవడానికే పెద్దాయన చెవుల గొప్పతనం చెప్పాను. చెప్పి ఊరుకోక, ఒక ఆదివారం ఉదయం పరీక్ష ఏర్పాటు చేసి, రేవును వేలంపాటలో పాడుకుని ఆ పడవ నడిపిస్తున్న ఆసామిని, ఊరి పెద్దలను పిలిచాను.

అవతలి గట్టున తుప్పల చాటున నలుగురిని నిలబెట్టాము. మనుషులు కనబడకుండా గొంతు మాత్రమే వినబడాలి కదా! మైకులో వేరే చప్పుడు పడకూడదని మేనకోడలు అనగానే, పెద్దాయన భార్యను దూరంగా వెళ్లి కూర్చోమన్నాను.

“నన్నిక్కడే కూకోనియ్యండి మేష్టారూ, నోరెత్తితే ఒట్టు,” అని ఆవిడ బతిమాలింది.

“ఒక్క పావుగంటే కదమ్మా,” అన్నాను. వలను ఒళ్లోకి తీసుకుని లేచి వెళ్లింది.

మొదటి కేక నీటి మీదుగా తేటగా వచ్చింది. పెద్దాయన నవ్వుమొగంతో ఏటికేసి చూస్తూ కూర్చున్నాడు. రెండో కేక. ఎవరో, “ఏంటి మావా, నిద్రోయేవా?” అని పరిహాసమాడితే నలుగురూ నవ్వారు. మూడోసారి ఆపి ఆపి మూడు పొట్టి కేకలు వచ్చాయి. ఆయన కదలలేదు. ఈమారు ఎవరూ నవ్వలేదు. దూరం నుంచి భార్య, అవతలి గట్టుకు వినబడేలా, “వత్తన్నాడండే! వత్తన్నాడు!” అంటూ పరుగెత్తుకొచ్చి ఆయన మోకాలి మీద తట్టింది. ఆ చేయి పడగానే ఆయన లేచి తాడు విప్పబోయాడు.

చెవులు పోయి నాలుగేళ్లయిందట. పిలుపు వినేది ఆవిడ. మోకాలి మీద ఒక తట్టు తడితే ప్రయాణికులు, మూడు తడితే రోగి. నడకను బట్టి మనిషిని గుర్తుపట్టేవి ఆయన కళ్లు. ఆ నాలుగేళ్లలో ఒక్క పిలుపు కూడా వృథా పోలేదు.

పెద్దాయనను పడవ మీంచి తీసేస్తున్నాడని తెలిసి ఆ పాటదారు ఇంటికి రెండుసార్లు వెళ్లాను. ఆ భార్యాభర్తలిద్దరూ కలిసి ఒక మనిషి లెక్కని వాదించాను. ఆయన చెడ్డవాడు కాడు, కుర్చీ వేసి, కాఫీ ఇప్పించి, “నిజవేనండి మేష్టారూ. రేపు నొప్పులు పడతన్న పిల్లని గట్టుకి తీసుకొచ్చి కేకేసేటప్పటికి ఈవిడ సంతకెళ్లుంటే? మీరే చెప్పండి, ఏం చెయ్యమంటారు?” అన్నాడు. కాఫీ సగంలోనే దించి లేచి వచ్చేశాను. మేనకోడలు ఏడ్చి, ఆ క్యాసెట్టు నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. పెద్దాయన మాత్రం నా పెదవులకేసి చూస్తూ, “మీ తప్పేంటండి, ఎప్పటికైనా తెలిసేదేనండి,” అన్నాడు. ఆ మాట నేటికీ అరగలేదు.

ఇప్పుడు ఆ పాయ మీద వంతెన ఉంది. రెండు చెవులలో తీగలు పెట్టుకున్న కుర్రకారు దాని మీదుగా నిమిషంలో దాటిపోతారు. ఎవరూ ఎవరినీ పిలవనక్కరలేదు. వైద్యుడు నాకిచ్చిన చెవి యంత్రంలో ఫ్యాను హోరు గోదావరి వరదలా వినబడుతున్నది, మా ఆవిడ మాట వినబడడం లేదు. క్యాసెట్టు బీరువాలో ఉంది, వినిపించే పరికరం ఇంట్లో లేదు. ఉన్నా, ఆవిడ పరుగెత్తుతూ వేసిన ఆ కేక మళ్లీ వినే ధైర్యం నాకు లేదు.

రెండువేల సంవత్సరం ఏప్రిల్ ఒకటో తేదీన పడవ వేరొకరి చేతికి మారింది. కేకలకు బదులు కొట్టడానికి అవతలి గట్టున రైలుపట్టా ముక్కను వేలాడదీశారు. ఏప్రిల్ అయిదున, ఉగాది నాడు, ఆ దంపతులు వలలు మూటగట్టుకుని, ఆ పడవలోనే ఏరు దాటి కూతురి ఊరికి వెళ్లిపోయారు.