మా వదినగారి చిల్లుల అట్టలు

కోనసీమకి మొట్టమొదటి కంప్యూటర్ తెచ్చింది మా ఇంటివాళ్ళే. నవ్వకండి. సరే, తెచ్చింది మేమూ కాదు, అది కంప్యూటరూ కాదు. మా అన్నయ్య చేనేత మగ్గం మీద వేలాడే చిల్లుల అట్టల దండ. చిల్లున్నచోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు. అలా చీర అంచు మీద నెమలి దిగుతుంది. ఆవిరి యంత్రాల కాలం నాటి ఆ కిటుకే తర్వాత కంప్యూటర్లకి దారి చూపిందని ఎక్కడో చదివి, నేను మీసం మెలేశాను.

ఆ చిల్లులు కొట్టింది మాత్రం మా వదినగారు. ఒక్కో అట్టనీ సుత్తితో కొట్టి, కిటికీ వెలుగుకి ఎత్తి, ఒక కన్ను మూసి చూసేవారు. "నెమలికి కన్నొచ్చిందయ్యా," అనేవారు. నెమలి బాగుందన్నవాళ్ళందరూ అన్నయ్య భుజం తట్టి వెళ్ళేవారు. మరమగ్గాలొచ్చి మా మగ్గం మూలపడ్డాక, ఆవిడ ఆ అట్టలన్నీ నీళ్ళపొయ్యిలో పెట్టేశారు.

మొన్న అమలాపురంలో కాలేజీ పిల్లలు యంత్రాల చరిత్ర మీద ప్రదర్శన పెట్టి, "ఒక్క అట్టైనా మిగిలిందాండీ తాతగారూ?" అని అడిగారు.

"ఎక్కడిది నాయనా! ఒక్కోటీ మంటలో పెడుతూ మా వదినగారు వెక్కి వెక్కి ఏడ్చేరు," అన్నాను, గొంతు వణికించి. పిల్లలు రాసుకుంటున్నారు.

పక్కనే ఉన్న అన్నయ్య కూతురు ఊరుకోలేదు.

"ఏడవడమేంటండీ బాబాయ్‌గారూ? అట్టలు కొట్టీ కొట్టీ అమ్మకి కుడిచెయ్యి పైకి లేచేది కాదు. జడ నేనేసేదాన్ని. ఆ రోజు ఎడంచేత్తో పొయ్యిలోకి తోస్తూ నవ్వింది. మీరేమో అరుగు మీద కూచుని, నీళ్ళు కాగేయా వదినా అని అడిగేరు."