దైవాశీర్వాదం గారి తర్వాతి ట్రస్టీ

2006లో, భార్య సునందమ్మ పోయిన మూడు నెలలకి, దైవాశీర్వాదం గారు అమెరికాలో ఫ్రీమాంట్ తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక మణిని పక్కకి పిలిచారు. ఆయన రిటైరైన సివిల్ ఇంజినీరు, డెబ్బై నాలుగేళ్లు. మణి ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. ఇద్దరిదీ నరసాపురం వైపే.

"మణీ, ఇల్లూ, బ్యాంకులో ఉన్నదీ అంతా ట్రస్ట్‌లో పెట్టాను. ప్రస్తుతం చూసుకునేది నేనే. నాకు మతి తప్పినా, నేను పోయినా, నా బదులు చూసుకోడానికి సక్సెసర్ ట్రస్టీ అని ఒకరుండాలి. మీ ఆంటీ పేరు రాశాను. ఆవిడ లేదు. ఇప్పుడు నీ పేరు రాయిస్తున్నాను."

"పిల్లలున్నారుగా అంకుల్?"

"లెవి పేరు రాస్తే షారన్ వాడితో మాట్లాడదు. షారన్ పేరు రాస్తే లెవి దాంతో మాట్లాడడు. నీ పేరు రాస్తే ఇద్దరూ నీతో మాట్లాడరు. దానివల్ల ఎవరికీ పెద్ద నష్టం లేదు."

భోజనాల లైను కదులుతోంది. ఎప్పటి మాటో కదా అనుకుని మణి సరేనంది.

2010 ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆయన చర్చికని బయల్దేరి, నలభై మైళ్ల అవతల ఒక గ్యాస్ స్టేషన్‌లో కారు చక్కగా గీతల మధ్య పార్క్ చేసి, కౌంటర్‌లో ఉన్నావిడని ఆరాధన ఎన్నింటికని అడిగారు. ఆవిడ పదకొండింటికేమో అని చెప్పి పోలీసులకి ఫోన్ చేసింది. ఆ తర్వాత ఇద్దరు డాక్టర్లు, ఈయన తన వ్యవహారాలు తాను చూసుకోలేరని విడివిడిగా ఉత్తరాలు రాశారు. ట్రస్ట్ పత్రం అడిగింది సరిగ్గా అవే రెండు ఉత్తరాలు. ఏప్రిల్‌లో ఆ పత్రం రాసిన లాయరమ్మ మణిని పిలిపించింది.

"ఇష్టం లేకపోతే వద్దనొచ్చు. ఒప్పుకోడానికి ఒక పేజీ, వద్దనడానికీ ఒక పేజీ," అంది.

మణి రెండు పేజీలూ ఇంటికి తెచ్చుకుంది. అసలు పత్రం మొత్తం చదవకుండా దేనిమీదా సంతకం పెట్టొద్దన్నాడు భర్త జగదీష్. అది నలభై మూడు పేజీలు. మూడు లంచ్ బ్రేకుల్లో చదివింది. పెళ్లయి కొత్తగా వచ్చినప్పుడు తను డ్రైవింగ్ టెస్ట్ మూడుసార్లు ఫెయిలైంది. నాలుగుసార్లూ దగ్గరుండి తీసుకెళ్లింది సునందమ్మ. ఆ సంగతి పత్రంలో ఎక్కడా లేదు. మణి ఒప్పుకునే పేజీ మీద సంతకం పెట్టింది.

మొదటి పని కారు తాళాలు తీసుకోవడం. దైవాశీర్వాదం గారు తలుపు తీసి, కుర్చీ చూపించి, విషయం విన్నారు.

"నా తాళాలు అడగడానికి నువ్వెవరమ్మా?"

మణి పత్రం చేతికిచ్చింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టారు. పేజీ నంబర్లు సరిచూశారు. మణి ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడిందని పెన్సిల్‌తో గుర్తు పెట్టారు. ముప్పావుగంట పట్టింది.

"సంతకం నాదే," అన్నారు. "బాగానే రాశారు. ఇంతకీ ఈ పెద్దాయనకి ఏమైంది?"

"మర్చిపోతున్నారంకుల్."

"డ్రైవ్ చేస్తున్నాడా?"

"చేస్తున్నారు."

"ఆపించు. ఎవరినైనా గుద్దితే ఆ పాపం నీకు చుట్టుకుంటుంది." జేబులోంచి తాళాలు తీసి బల్లమీద పెట్టారు.

వారం తర్వాత వెళ్తే మళ్లీ నువ్వెవరమ్మా అన్నారు. మణి పత్రం ఒక కాపీ తీయించి కార్‌లోనే పెట్టుకుంది.

డాలస్‌లో ఉన్న లెవి ఫోన్ చేసి, ఇల్లు అమ్మేసి నాన్నని తన దగ్గరికి పంపమన్నాడు. అతను వారంలో నాలుగు రోజులు ఊళ్లో ఉండడు. న్యూజెర్సీ నుంచి షారన్ ఫోన్ చేసి, ఇంట్లో ఒక్క చెంచా కూడా కదపొద్దంది. మణి ఇద్దరికీ ఒకటే చెప్పింది. "పేపర్‌లో ఏముందో అది చేస్తాను." కొన్నాళ్లకి ఇద్దరూ ఆమెతో మాట్లాడటం మానేశారు. కాని తల్లి అంత్యక్రియల తర్వాత మొదటిసారిగా ఒకరికొకరు ఫోన్ చేసుకోవడం మొదలుపెట్టారు. మాట్లాడుకునేది మణి గురించి. దైవాశీర్వాదం గారు నష్టం లేదన్నారు గాని, ఈ లాభం ఆయన అంచనాలో లేదు.

పత్రంలో ఆయన రాయించుకున్న మాట ఒకటుంది: సాధ్యమైనన్నాళ్లు సొంత ఇంట్లోనే ఉంచాలి. మణి పగటిపూటకి ఒక కేర్‌గివర్‌ని పెట్టింది. రెండేళ్లు నడిచింది. 2012 వేసవిలో ఆయన రెండుసార్లు బాత్‌రూమ్‌లో పడ్డారు. ఆ తర్వాత ఒకరోజు పొయ్యి వెలిగించి, దానిమీద ప్లాస్టిక్ బుట్ట పెట్టారు. సాధ్యం అనేది ఎక్కడ ఆగుతుందో పత్రంలో లేదు. లాయరమ్మ, అది నీ విచక్షణ అంది. మణికి వారం రోజులు నిద్ర సరిగ్గా పట్టలేదు. చివరికి ఆ పేజీ తీసుకెళ్లి, పడుతున్నారని చెప్పి, ఆయన్నే అడిగింది.

ఆయన రెండుసార్లు చదివారు. "ఎన్నిసార్లు పడ్డాడు?"

"రెండుసార్లు."

"ఇంకేం చేశాడు?"

చెప్పింది.

"అయితే ఇంక సాధ్యం కాదు. ఇందులో ఆలోచించేదేముంది?"

యూనియన్ సిటీలో ఒక కేర్ హోమ్ చూడ్డానికి ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లింది. ఆయన గుమ్మం ముందు ర్యాంప్ వాలు చూశారు. వాన నీళ్లు ఎటు పోతాయని మేనేజర్ని అడిగారు. మేనేజర్‌కి తెలియలేదు. ఆయనే వెనక్కి వెళ్లి చూసొచ్చి, పర్వాలేదన్నారు. కిటికీ ఉన్న గదిలో మంచం మీద కూర్చుని లేచారు.

తిరిగొస్తుంటే కార్‌లో ఆయన అడిగారు.

"మణీ, ఆ పెద్దాయన నేనే కదా?"

మణి సిగ్నల్ దగ్గర ఆగింది. "అవునంకుల్."

లైటు పచ్చబడింది. వెనక కారు హారన్ కొట్టాక గాని ఆమె కదల్లేదు.

"మంచి గదే చూశావు," అన్నారు ఆయన.

ఆ గదిలో పద్నాలుగు నెలలున్నారు. 2013 అక్టోబర్‌లో ఒక మధ్యాహ్నం, టిఫిన్ బాక్సులో మణి తెచ్చిన పప్పన్నం నాలుగు ముద్దలు తిని పడుకుని, మళ్లీ లేవలేదు. లెవి, షారన్ ఒకే ఫ్లైట్‌లో కాకపోయినా ఒకే రోజు వచ్చారు. సమాధి దగ్గర ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు.

ఆ తర్వాత ఇల్లు ఖాళీ చేయడం, అమ్మడం, పత్రంలో రాసినట్టు చెరిసగం పంచడం. ఆరు నెలలు పట్టింది. చివరి సంతకాలకి వచ్చిన రోజు, ఖాళీ హాల్లో షారన్ అడిగింది. తెలుగు ఆమెకి కొంచెం తడబడుతుంది.

"అక్కా, డాడీ లాస్ట్‌లో నన్ను అడిగాడా?"

"అడిగారమ్మా. రోజూ అడిగేవారు. లెవినీ అడిగేవారు. నన్ను మాత్రం నువ్వెవరని అడిగేవారు."

షారన్ నవ్వబోయి, కుర్చీ కోసం చూసింది. కుర్చీలన్నీ పోయాయి. ఇద్దరూ కిటికీ కింద నేలమీద కూర్చున్నారు. షారన్ కాసేపు ఏడ్చింది. మణి ఆమె వీపు మీద చెయ్యి వేసి ఉంచింది.

ఒంటిగంటకి ఇల్లు కొన్న వాళ్లొచ్చారు. శాన్ హోజేలో ఉద్యోగాలు చేసే దంపతులు. మణి వాళ్లకి తాళాలిచ్చి, వంటింటి కుళాయి కొంచెం గట్టిగా తిప్పాలని చెప్పి, రెండింటి డ్యూటీకి ల్యాబ్‌కి వెళ్లింది.