గాజు గ్లాసులో గుడ్డు

మా ఫ్రీమెట్ పెద్దమ్మకు భయమంటే తెలియదని అందరూ అంటారు. ఉత్తమాట. ఆవిడకు దేవుడన్నా భయమే, పోలీసులన్నా భయమే. దేవుడంటే ఒక పాలు ఎక్కువ.

టార్నూవ్‌లో కాపురమున్న రోజుల్లో ప్రతి గుడ్డునూ గాజు గ్లాసులోకి కొట్టి, కిటికీ వెలుగులో ఎత్తి చూసేది. నెత్తురు మాకు నిషిద్ధం. చుక్క కనిపిస్తే గుడ్డంతా పారబోయాల్సిందే. యూదు ఇళ్లలో ఆడవాళ్లందరూ చేసే పనే గానీ, ఈవిడ చూసినంతసేపు ఎవరూ చూడరు.

"కోడిగుడ్డుకు ఈకలు పీకడమంటే ఇదేనే!" అని టోపీలు కుట్టే మా పెదనాన్న మెండెల్ ఉడికించేవాడు.

"నీ ఆకలి కోసం నా ధర్మం చెడగొట్టుకోనా? నోరు మూసుకుని కూర్చో!" అనేది.

జర్మన్లు వచ్చాక పెదనాన్ననూ, మా అమ్మానాన్నలనూ లారీ ఎక్కించి తీసుకుపోయారు. పెద్దమ్మా, చిన్నపిల్లనైన నేనూ మిగిలాం. దొంగ కాగితాలు సంపాదించి, తను యూజెఫా అనే కేథలిక్ వితంతువునని, నేను తన కూతురినని చెప్పి, క్రాకోలో లెయొకాడియా గారింట్లో వంటకు కుదిరింది. జపాలన్నీ బట్టీ పట్టింది, నాచేత పట్టించింది. పంది మాంసం వండిన రోజున కడుపునొప్పి తెచ్చుకునేది. నోటికి అన్నీ నేర్పింది గానీ, పాపం, చేతులకు నేర్పడం మరిచిపోయింది.

లెయొకాడియా గారి పేరుపండుగ నాడు, అంటే ఆవిడ పేరున్న పునీతురాలి పండుగ రోజున, పక్కింటి జెనోబియా పెందలాడే వచ్చి వంటింట్లో తిష్ఠ వేసింది. యూదులను పట్టించే మనిషని వీధంతటికీ తెలుసు. పెద్దమ్మ కేకు కోసం మొదటి గుడ్డు గ్లాసులోకి కొట్టి, కిటికీ వైపు ఎత్తింది.

"ఏంటి యూజెఫా, అందులో ఏం వెతుకుతున్నావ్? మా పాత వీధిలో యూదు ఆడవాళ్లు అచ్చం ఇలాగే చూసేవాళ్లు."

నేను పిండి జల్లించడం ఆపేశాను.

"కుళ్లిందేమోనని, అమ్మా."

"కుళ్లితే కంపు కొట్టదూ? ఏదీ, ఇంకోటి కొట్టు."

పెద్దమ్మ రెండో గుడ్డును తిన్నగా గిన్నెలోకే కొట్టింది. పచ్చసొన మీద ఎర్రటి చుక్క. ముగ్గురం చూశాం. పెద్దమ్మ గరిటె తీసుకుని గిలక్కొట్టేసింది.

అంతలో లెయొకాడియా గారు గుమ్మంలోకి వచ్చారు. "చూడకుండా కొట్టొద్దని దానికి చెప్పింది నేనే, జెనోబియా. మొన్న కుళ్లుగుడ్డు వేసి పిండంతా తగలేసింది. రా, అసలు సిసలు కాఫీ పెట్టించాను, చల్లారిపోతోంది."

ఆ రోజుల్లో అసలు కాఫీ దొరకడం గగనం. జెనోబియా నమ్మిందో లేదో గానీ, కాఫీకి మాత్రం వెళ్లింది.

చుట్టాలు వెళ్లగానే పెద్దమ్మ మూట కట్టింది.

"ఎక్కడికి?" అన్నారు లెయొకాడియా గారు.

"మేమెవరమో మీకు తెలిసిపోయిందిగా, అమ్మగారూ. మమ్మల్ని దాచారని తెలిస్తే మిమ్మల్నీ చంపుతారు."

"మూట దించు. ఇకనుంచి గుడ్లు నేను కొడతాను."

ఆవిడ జన్మలో గుడ్డు కొట్టిన మనిషి కాదు. మర్నాడు సగం పెంకు లోపలే పడేసి, గ్లాసును కిటికీ దగ్గర ఎత్తి పట్టుకున్నారు. "ఇటు చూడు. ఇది నీకు పనికొస్తుందా?"

పెదనాన్నను తీసుకుపోయిన రోజున కూడా ఏడవని పెద్దమ్మ భోరుమంది.

"ఏడుపు తర్వాత. నా చెయ్యి నొప్పెడుతోంది, ముందు చెప్పు!" అన్నారు లెయొకాడియా గారు.