అత్త చేతిలోంచి తీసుకున్న కుండ

మా మేనత్త పోయిందని నాన్న ఫోన్ చేసినప్పుడు నేను మొగుడంపల్లి దగ్గర ట్రాక్టర్‌లోకి అల్లం బస్తాలు ఎత్తుతున్నాను. "అత్త పోయిందిరా. జహీరాబాద్ దవాఖానల. జల్ది రా" అన్నాడు. చేతుల మట్టి కూడా కడుక్కోకుండా బయల్దేరాను. నేను ఇల్లు చేరేసరికి మా చిన్నాయన ఫ్లెక్సీ కోసం ఆమె ఫొటో వెతుకుతున్నాడు. మర్నాటికి వాకిట్లో ఫ్లెక్సీ లేచింది. దాని మీద "మా ఇంటి సంప్రదాయాలకు పట్టుగొమ్మ" అని రాయించాడు. అది చదివాకే ఇది రాయడానికి కూర్చున్నాను. తొమ్మిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి, రాయడం నా పని కాదు. కానీ ఆ ఫ్లెక్సీ ఒక్కటే మిగిలిపోతే అబద్ధమే మిగిలినట్టు అవుతుంది.

పెళ్లయిన కొన్నాళ్లకే అత్తకు భర్త పోయాడు. పిల్లలు లేరు. తాత వెళ్లి ఆమెను ఇంటికి తెచ్చుకున్నాడు. అప్పటి నుంచి న్యాల్‌కల్ దిక్కున్న మా చేను ఆమె చేతి మీదే నడిచింది. విత్తనం వేసేది ఆమె, కలుపు తీసేది ఆమె. నేను ఏ పనిలోనూ నిలవక తిరుగుతుంటే, "ఏందిరా, కాళ్లకు చక్రాలున్నయా? జర కూసోని తిను" అని పళ్లెం ముందు పెట్టేది. ఎక్కడెక్కడ తిరిగావని మాత్రం అడిగేది కాదు.

మా దిక్కు ఎల్లమాస పెద్ద పండుగ. చలికాలంలో జొన్న పొట్ట మీద, అంటే కంకి ఇంకా లోపలే ఉండి ఉబ్బినప్పుడు, వచ్చే అమావాస్య. అప్పుడు భూమి కడుపుతో ఉంటుందని మా నమ్మకం. కడుపుతో ఉన్న ఆడబిడ్డకు ఇష్టమైనవి వండిపెట్టినట్టే భూమికీ పెడతాం. పచ్చి శనగలు, బఠాణీలు, చిక్కుళ్లు, వంకాయలు, చేలో దొరికిన ఆకుకూరలు అన్నీ కలిపి భజ్జి కూర వండుతాం. సజ్జ రొట్టెలు చేస్తాం, కుండ నిండా అంబలి కాస్తాం. అందరం చేనుకు పోయి పూజ చేశాక, తినే ముందు ఒకరు ఆ కుండ పట్టుకుని చేనంతా అంబలి చల్లుతూ తిరగాలి. దాన్నే చరగ అంటాం.

మా ఇంట్లో ఆ కుండ అత్తదే. ముందు ఆమె నడిచేది, వెనక నీళ్ల చెంబుతో తాత. కుసుమ మొక్కల ముళ్లు కాళ్లు గీరుతున్నా సాళ్ల మధ్యకే పోయేది. పిల్లలం అరుస్తూ వెంటపడితే తిరిగి చూసి, "ఒర్రకుండ్రిరా! నిండు కడుపుతోనున్నది, అదిరిపడ్తది" అని కసిరేది.

ఒకసారి పక్క చేను పెద్దమనిషి గట్టు మీద నిలబడి, "మొగడు లేనామెతోని చరగ ఏందే? ఇంట్ల ఇంకెవ్వరు లేరా?" అన్నాడు.

తాత చెంబు దించలేదు. "ఎండల కలుపు తీస్తుంటే రాకపోతివి గీ మాట అడుగనీకి. విత్తనమేసిన చెయ్యే తినవెడ్తది. నువ్వు పో, నీ రొట్టె సల్లారుతది."

చదువుకోని ముసలాయన అన్న మాట అది. ఆయన పోయాక మా ఇంట్లో భక్తి పెరిగింది. చిన్నాయన జహీరాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాడు, ఫోన్‌లో ప్రవచనాలు వినడం మొదలుపెట్టాడు. మా అన్న పెళ్లయిన ఏడాది, ఎల్లమాస నాడు, అత్త కుండ ఎత్తుకోగానే చిన్నాయన ఎదురొచ్చాడు.

"అక్కా, జర కుండ ఇటియ్యి. గియి ముత్తయిదువలు చేసే పనులు. ఒక స్వామి మంచిగ చెప్పిండు."

"ఏ స్వామిరా? జొన్నేసెటోడేనా?"

"మజాక్ కాదు. కొత్త కోడలొచ్చింది. మంచి చెడ్డ చూడాలె గద."

నాన్న ఎటో చూస్తూ నిలబడ్డాడు. మా వదినే నోరు తెరిచింది. "ఎప్పటిలెక్క అత్తమ్మనే చల్లనియ్యుండ్రి మామయ్యా, నాకు తెల్వది." ఎవరూ వినలేదు. కుండ వదిన చేతికి వచ్చింది. పట్టుచీర ముళ్లకు తగులుకుంటుందని గట్టు వెంటే నాలుగు చుక్కలు చల్లింది. అన్న వీడియో తీశాడు. చరగ అయిపోయిందన్నారు.

నేను చిన్నాయన మీదికి పోయాను. "కలుపు తియ్యనీకి కూడ ముత్తయిదువలనే తీస్కరా మరి!"

"ఇడిసిపెట్టురా బిడ్డా" అని అత్తే నన్ను లాగింది. "పండుగ నాడు లొల్లేంది? పంటకు ఇనవడ్తది."

అందరికీ రొట్టెలు వడ్డించి, ఆకలి లేదని తాను తినలేదు. మరుసటి ఏడాది భజ్జి వండి మూటలు కట్టి ఇచ్చింది గాని, మోకాళ్లు నొస్తున్నాయని చేనుకు రాలేదు. తెల్లారి అవే మోకాళ్లతో శనగ చేనుకు పోయింది. ఆ రోజు ఆమె ముత్తయిదువా కాదా అని ఎవరూ అడగలేదు.

ఈసారి కూడా జొన్న విత్తింది. మొలకలు చూసుకుంది. తర్వాత నెల తిరక్కుండానే పోయింది. ఎల్లమాస దగ్గరపడ్డాక, పండుగ సంగతేమిటని చిన్నాయనను అడిగాను.

"ఇంట్ల మనిషి పోయింది గదరా. ఏడాది దాక పండుగల్లేవు."

"మరి భూమి ఉపాసముంటదా?"

"ఏం జేస్తం? అక్క మైల ఉన్నది."

బతికినన్నాళ్లు ముత్తయిదువ కాదన్నారు, పోయాక మైల అంటున్నారు. వాకిట్లో ఫ్లెక్సీ మీద మాత్రం ఆమె పట్టుగొమ్మ.

ఎల్లమాస నాడు ఒక్కణ్ణే చేనుకు పోయాను. చుట్టూ చేలల్లో జనం, పొయ్యిల పొగ, పిల్లల అరుపులు. పక్క చేను కోడలు చరగ చల్లుకుంటూ గట్టు దాకా వచ్చింది. అంబలి తీసిన చెయ్యి ఇటు చాచబోయి, నన్ను చూసి ఆపుకుంది. "మీకు లేదు గద అన్నా, ఈ యేడు" అని వెనక్కి తిరిగింది.

గట్టుకు అవతల జొన్న ఆకుల మీద అంబలి చుక్కలు తెల్లగా కిందికి జారుతున్నాయి. ఇవతల అత్త విత్తిన సాళ్లలో, పొట్ట మీదున్న జొన్న పొడి ఆకులతో గాలికి గరగరలాడుతోంది.