చక్రం గది తాళం

ఆ వాలు వీధిలో ఎవర్నడిగినా ఆయన అసలు పేరు చెప్పలేరు. అందరికీ ఆయన చక్రం బాబాయే. కోపం వస్తే ఇంట్లో పిన్ని కూడా "నన్నెందుకు చేసుకున్నారు, ఆ చక్రాన్నే చేసుకోవాల్సింది" అంటుంది కాబట్టి ఆ పేరుకి ఇంటి ముద్ర కూడా పడిపోయింది.

పెద్ద కరెంటు లైను ఆ ఎత్తుకి రాలేదు. ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అన్న ఆఫీసర్లు రిటైరై మనవల్ని ఎత్తుకున్నారు గానీ ఒక్క స్తంభం లేవలేదు. అప్పుడు వెల్డింగు పని చేసుకునే బాబాయి, పిన్ని తమ్ముణ్ణి వెంటేసుకుని, పైన వాగుకి చిన్న కట్ట కట్టాడు. అక్కణ్ణించి లావుపాటి గొట్టం కిందికి దింపాడు. గొట్టం చివర్నించి నీళ్ళు దూకి చక్రం అంచున బిగించిన కప్పుల్ని కొడితే చక్రం తిరుగుతుంది, దాంతోపాటు జనరేటర్ తిరుగుతుంది, వీధిలో బల్బులు వెలుగుతాయి. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి మాత్రం బాబాయి నడుం విరిగింది.

బావా బావమరుదులు పని మొదట్లోనే పంచుకున్నారు. పైన కట్టా, ఆకులు ఆపే జల్లెడా బావమరిది వంతు. కింద చక్రం, జనరేటరూ, ఆ గది తాళం బాబాయి వంతు. ఒకరి పనిలోకి ఇంకొకరు తొంగి చూడకూడదు. ఇది వెల్డింగు షెడ్డులో ఇద్దరికీ అబ్బిన మర్యాద. అక్కడ ఒకడు వేసిన అతుకుని ఇంకొకడు సుత్తితో తట్టి చూశాడంటే వాణ్ణి మొహమ్మీదే దొంగ అన్నట్టు. ఆ పాడు మర్యాదే బాబాయి కొంప ముంచింది.

పోయినేడాది నుంచి సాయంత్రమయ్యేసరికి బల్బులు ఎర్రబడి నీరసపడటం మొదలైంది. కిరాణాకొట్టు ఆయన ఫ్రిజ్ రెండు మూలుగులు మూలిగి ఆగిపోయేది. వీధిలో అందరూ బాబాయినే అడిగేవాళ్ళు. బాబాయి బావమరిదిని అడిగేవాడు.

"పైన నీళ్ళెలా ఉన్నాయిరా?"

"కట్ట మీంచి పొర్లుతున్నాయి బావా. నువ్వు నీ చక్రం సంగతి చూసుకో."

చూసుకున్నాడు. బేరింగులు మార్చాడు. అరిగిన కప్పులు తీసి కొత్తవి అతికాడు. జనరేటర్ విప్పి తీగ మళ్ళీ చుట్టించాడు. విప్పినప్పుడల్లా బావమరిది పక్కనే గొంతుక్కూర్చుని నట్లు అందించాడు. "ముసలాడివైపోతున్నావ్ బావా" అని జాలి కూడా పడ్డాడు. బాబాయి నిజంగానే తన చేతులవంక అనుమానంగా చూసుకోవడం మొదలుపెట్టాడు.

చివరికి కొట్టాయన తేల్చి చెప్పేశాడు. వీధి కరెంటు కమిటీకి ఆయనే పెద్ద. "ఆదివారం సాయంత్రం చక్రం గది దగ్గర అందరం కూర్చుందాం. బాబాయి వల్ల కాకపోతే తాళం ఇంకొకరికి ఇచ్చేద్దాం" అన్నాడు. తాళం పోతే ఆయనకింకేం మిగులుతుంది? పిల్లా జెల్లా లేరు. కళ్ళు మందగించాక వెల్డింగు ఎప్పుడో మానేశాడు. ఉన్నదల్లా ఆ చక్రమూ, ఆ మంచి పేరూ.

ఆదివారం మధ్యాహ్నం చక్రం దగ్గడం మొదలెట్టింది. గొట్టంలోకి నీళ్ళతోపాటు గాలి దూరితే అలా దగ్గుతుంది. అంటే పైన జల్లెడకి ఆకులు అడ్డంపడ్డాయన్నమాట. చూద్దామంటే బావమరిది ఏదో సామాను కొనడానికి బజారుకి వెళ్ళాడు. వాడు వచ్చేదాకా ఆగితే మీటింగుకి దీపం ఉండదు. గత్యంతరం లేక బాబాయి ఇన్నేళ్ళ తరవాత పైకి ఎక్కాడు. ఎక్కుతూ కూడా "వాడేమనుకుంటాడో" అని మొహమాటపడ్డాడు, పిచ్చి మనిషి.

ఆకులు తీశాడు. కట్ట మీంచి చుక్క కూడా పొర్లడం లేదు. వంగి చూస్తే రాళ్ళ కింద ఇంకో గొట్టం కనిపించింది. మట్టి కప్పి, పైన గడ్డి దుబ్బులు కూడా పెట్టారు. దాని వెంబడే నడిచాడు. అది తిన్నగా కట్టకి కాస్త దిగువన రోడ్డు పక్కనున్న లారీలు కడిగే షెడ్డులోకి వెళ్ళింది. ఆ షెడ్డు బావమరిదిదే, పోయినేడాదే పెట్టాడు. బోరు వేయించానని వీధంతా చెప్పుకున్నాడు. బాబాయి ఆ బోరు గొట్టం మూత తీసి చూశాడు. కింద బోరూ లేదు గీరూ లేదు. జానెడు గొట్టం ముక్కని సిమెంటులో నిలబెట్టాడంతే. లారీలు ఎక్కువగా ఆగేది సాయంత్రం, బల్బులు ఎర్రబడేదీ సాయంత్రమే.

బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు పెద్దలు. వాళ్ళకి ఇలాంటివాడు తగిలి ఉండడు.

బాబాయికి కోపం తరవాత వచ్చింది, ముందు వంగి ఆ దొంగ గొట్టాన్ని తడిమాడు. గొట్టం మీద అతుకు ఆయన గుర్తుపట్టాడు. వాడి చెయ్యి పట్టుకుని ఆయనే నేర్పిన అతుకు. వెంటనే కిందికెళ్ళి వీధి మధ్య నిలబడి అరుద్దామనుకున్నాడు. అంతలో పిన్ని గుర్తొచ్చింది. తల్లి పోయాక ఆ తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే. ఈ సంగతి నలుగురిలో తెలిస్తే ఆవిడ తలెత్తుకోలేదు. బాబాయి ఒక కర్రముక్క చెక్కి కట్ట దగ్గర ఆ గొట్టం మూతికి బిగించి కొట్టాడు, చేతులు కడుక్కున్నాడు, దిగి వచ్చేశాడు.

సాయంత్రం జనం చేరేసరికి బల్బులు తెల్లగా, నిండుగా వెలుగుతున్నాయి. అందరూ తలెత్తి చూశారు. బావమరిది కూడా చూశాడు. వాడి మొహంలో నెత్తుటిచుక్క లేదు.

"ఏం చేశావ్ బాబాయ్?" అన్నాడు కొట్టాయన.

బాబాయి వాల్వు వైపు చెయ్యి చూపించాడు. "ఏం లేదు. కింద వాల్వు సగమే తెరిచి ఉంది. నేనే సరిగ్గా తిప్పలేదు. ఇవాళ చూసుకున్నాను."

అందరూ గొల్లున నవ్వారు. "ఏడాదిపాటు కొండని తవ్వి ఎలకని పట్టాడురా!" అన్నారెవరో. కొట్టాయన నవ్వలేదు, అదింకా ఘోరం. "చాలు బాబాయ్, ఇంక రెస్టు తీసుకో. పైన మీ బావమరిది మాట రాకుండా చేస్తున్నాడు. కిందది కూడా వాడే చూసుకుంటాడు" అన్నాడు. బావమరిది "అబ్బే, నాకెందుకులెండి" అని ఒక్కసారంటే ఒక్కసారి అని, తాళంచెవి అందుకుని జేబులో వేసుకున్నాడు. బావ వైపు మాత్రం చూడలేదు.

ఇంటికొచ్చేసరికి పిన్ని మంచం మీద ఉతికిన బట్టలు మడతపెడుతోంది. బాబాయి పక్కనే కూర్చున్నాడు. తన పరువు పోయిన సంగతి పక్కనపెట్టి, ఈవిడకి ఎలా చెప్పాలా అని మథనపడ్డాడు.

"నీకో మాట చెప్పాలి. గుండె రాయి చేసుకో. వాల్వు సంగతి అబద్ధం. మీ తమ్ముడు పైన కట్టకి దొంగ గొట్టం పెట్టాడు. ఏడాదిగా మన నీళ్ళతోనే లారీలు కడుగుతున్నాడు. నీ మొహం చూసి ఎవరికీ చెప్పలేదు."

పిన్ని చేతులు ఆగిపోయాయి.

"ఏడాదంతానా? ఎండాకాలం వరకే వాడుకుంటానన్నాడే నాతో!"

అని నాలిక్కరుచుకుంది. బాబాయికి ఆ మాట అర్థం కావడానికి కాస్త టైము పట్టింది.

"నీకు తెలుసా?" అన్నాడు. "తిండి మానేసి నేనా చక్రం ముందు పడుంటే, అన్నం కలిపి తెచ్చి నోట్లో పెట్టావు. వెతకండి, తప్పు దొరక్కపోదు అన్నావు. అప్పుడు కూడా తెలుసా?"

"ఏం చెయ్యమంటారండీ? వాడు నా తమ్ముడు."

"మరి నేనెవర్నే?"

పిన్ని మడతపెట్టిన చొక్కానే మళ్ళీ విప్పి మడతపెట్టడం మొదలెట్టింది.