కాఫీ రుచి ఇంగ్లీషుల చెప్పుమంటే

దుబాయ్‌ల కాఫీ షాపు కొలువు కోసం కోరుట్లల ఇంగ్లీషు నేర్చుకుంటున్న. ఇయ్యాల సార్ పాలు, చక్కెర లేని కాఫీ తాగిపిచ్చి, రుచి ఎట్లుందో ఇంగ్లీషుల చెప్పుమన్నడు. గుడ్, నైస్ అనొద్దన్నడు. గుటక మింగంగనే నాకు ఎరుకైంది, అచ్చం మా ఇంట్ల నానబెట్టిన బీడీ ఆకు వాసన. ఇంగ్లీషుల మాటనే రాలే. ఆఖరికి "వెరీ గుడ్ సార్" అన్న. సార్ తల పట్టుకున్నడు.

ఇంటికచ్చి చెప్తే, బీడీలు చుట్టుకుంటనే మా ఆమె అన్నది, "నేను వండిన కూరకు రోజూ వంకలు పెడ్తవు. గా కాఫీకి ఒక్క వంక దొరుకలేదా?"

రేపే ఇంటర్వ్యూ. నానిన బీడీ ఆకు వాసనను ఇంగ్లీషుల ఏమంటరో ఎరుకున్నోళ్లు జర కామెంట్ల పెట్టుర్రి, మీకు దండం పెడ్త. 'వెరీ గుడ్' నాకు వచ్చు, అదొక్కటి రాయకుర్రి.